తోలు అంగీలు కుట్టిన చేయి

సిద్దిపేట,
జనవరి 18, ఆదివారం.

బిడ్డ ఎస్తేరుకు తాత దుబ్బయ్య రాసేది.

మేము బతికే ఉన్నాం. అమ్మమ్మ మోకాలి నొప్పి అట్లనే ఉంది, నోరు కూడా అట్లనే ఉంది. నీ ఉత్తరం అందింది. ఫోను చేయకుండా ఉత్తరం రాసి మంచిపని చేశావు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు సగం వినపడదు, మిగిలిన సగం వాడకట్టు మొత్తం వింటుంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు అర్థం కాక, నాలుగోసారి కోపంతో. ఈస్టరు పండుగకు బాప్తిస్మం తీసుకోనని రాశావు. కారణం బైబిలు మొదటి పేజీ అన్నావు. దేవుడు ఆరు దినాల్లో భూమిని ఆకాశాన్ని చేశాడని అందులో ఉంది. నువ్వు బడిలో పిల్లలకు చెప్పే పుస్తకంలో భూమి వయసు వందల కోట్ల ఏండ్లని ఉంది. వారమంతా అది చెప్పి ఆదివారం ఇది ఒప్పుకోవడం నీతో కాదన్నావు. ప్రభువు మీద నమ్మకం పోలేదు, మొదటి పేజీ ఒక్కటి పక్కకు పెడితే ఏం పోతుంది తాతా అని అడిగావు.

ఏం పోతుందో చెబుతాను విను. అరవై ఏండ్లుగా పాత బస్టాండు కాడ కూర్చుని చెప్పులు కుడుతున్నాను. మంది నా ముందర చెప్పు విడిచి "తెగింది" అంటారు. తెగింది అని ఎప్పుడంటారు? ఒకప్పుడు అది కుట్టి ఉంటేనే. ఎన్నడూ కుట్టని రెండు తోలు ముక్కలు నేల మీద పడి ఉంటే, వాటిని చూసి ఎవడూ తెగింది అనడు. బాగుచేయమని నా కాడికి తేడు. మనుషులు చెడిపోయారని, బాగుచేయడానికి ప్రభువు వచ్చాడని నువ్వు నమ్ముతున్నావు గదా. మరి మొదట మంచిగా చేసినవాడే లేకపోతే చెడిపోవడం ఏంది, బాగుచేయడం ఏంది? మొదటి పేజీ చింపేస్తే ప్రభువు ఎవరి చెప్పు కుట్టడానికి వచ్చినట్టు? తను కుట్టింది కాబట్టి తనే వచ్చాడు. ఇందులో నా తెలివి ఏమీ లేదు. నా పనిలో ఉన్న సంగతి ఇది.

ఒక మాట ఒప్పుకుంటాను. సంఘంలో ఎవరికీ చెప్పకు. ముప్పై ఏండ్లు నేను బైబిలు పట్టుకుని నిలబడి చదివానని అందరూ అనుకుంటారు. అమ్మమ్మ పేజీ తీసి ఇచ్చేది, ఆమె చెప్పి చెప్పి నాకు నోటికి వచ్చింది నేను అప్పజెప్పేవాణ్ణి. నాకు అక్షరాలు వచ్చింది డెబ్బై దాటినంక. ఆ మొదటి పేజీ నా కండ్లతో నేను ఇంతవరకు చదవలేదు. చదవకుండా నీతో కొట్లాడితే, తోలు ముట్టకుండా బేరం చేసినట్టు. అందుకని రేపటి నుంచి పని కాడ రోజుకు ఒకటి రెండు వచనాలు చదువుతాను. చదివింది నీకు రాస్తాను.

పాస్టరు సుధాకర్‌కు నువ్వేమీ రాయనక్కరలేదు. ఆ సంగతి నేను చూసుకుంటాను.

డిసెంబరులో నీ బడికి తెచ్చిన గరిజలు తిన్నావో లేదో రాయలేదు. ఆ రోజు బస్సు తొందరగా దొరికింది, అందుకని నేను ఆగలేదు.

నీ తాత
దుబ్బయ్య

*

హన్మకొండ,
జనవరి 30.

తాతకు, అమ్మమ్మకు మీ ఎస్తేరు.

గరిజలు చాలా బాగున్నాయి. స్టాఫ్‌రూమ్‌లో అందరం తిన్నాం. అమ్మమ్మకు చెప్పు, కొబ్బరి ఈసారి సరిగ్గా వేగింది.

నీ "తెగింది" మాటను రెండు రోజులు తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా లొసుగు దొరకలేదు, అందుకే కొంచెం కోపం కూడా వచ్చింది. కానీ నా చిక్కు నీకు పూర్తిగా చెప్పలేదు. ఎనిమిదో తరగతిలో అనమ్ అని ఒక పిల్ల ఉంది. నవంబరులో పాఠం చెబుతుంటే లేచి, "టీచర్, మా ఇంట్ల ఆదమ్‌ను మట్టితోని చేసిన్రంటరు. మీరు కణం నుంచి మొదలైందంటున్నరు. పరీక్షల ఏది రాయాలె?" అంది. పుస్తకంలో ఉన్నది రాయమన్నాను. ఆ పిల్ల బుద్ధిగా రాసుకుని, మళ్లీ తలెత్తి, "మీరైతే ఏది రాస్తరు టీచర్?" అంది. తరగతి అంతా నా వైపు చూసింది. గంట కొట్టారు కాబట్టి బతికాను.

మొదటి పేజీ కదిలితే ఆఖరి పేజీ దాకా కదులుతుందని పాస్టర్‌గారు ఒకసారి ప్రసంగంలో అన్నారు. కదిలిన మనిషి నీళ్లలోకి దిగి అందరి ముందు సాక్ష్యం ఎలా చెబుతుంది తాతా? నేను అబద్ధం చెప్పలేను. అబద్ధాలు చెప్పేదాన్ని కాదని కాదు. అక్కడ చెప్పలేను.

నువ్వు వచ్చిన రోజు చలి బాగా ఉంది. గేటు దగ్గర నేను మా టీచర్లతో మాట్లాడుతున్నంతసేపు నువ్వు రోడ్డు వైపే చూస్తున్నావు. ఆ బస్సుల చప్పుడులో నీకు ఏమీ వినపడి ఉండదు. కనీసం టీ అయినా తాగించి పంపాల్సింది. ఇంకా ఏదో రాద్దామని ఉంది కానీ పరీక్ష పేపర్లు దిద్దాలి.

ఎస్తేరు

*

సిద్దిపేట,
ఫిబ్రవరి 15, ఆదివారం.

బిడ్డా ఎస్తేరూ,

మొదటి అధ్యాయం అయిపోయింది. ఇరవై ఏడు రోజులు పట్టింది. దేవునికి ఆరు రోజులు పట్టిన దానికి నాకు ఇరవై ఏడు పట్టిందని అమ్మమ్మ నవ్వుతుంది.

ఎట్ల చదువుతున్నానో చెబుతాను. పనిముట్ల డబ్బా మూత మీద బైబిలు పెట్టి, గాలికి పేజీ లేవకుండా పక్కన సుత్తి పెట్టి, వేలు పెట్టి చదువుతాను. గట్టిగా చదివితేనే నాకు అర్థమవుతుంది. పక్కన తాళాలు బాగుచేసే నిస్సార్ అంతా వింటాడు. మొన్న ఒకాయన తెగిన చెప్పు పట్టుకుని నిలబడి, "పెద్దమనిషీ, కుడుతవా, సదువుకుంటనే ఉంటవా?" అన్నాడు. నేను తలెత్తకుండా "జర ఆగు, చేపలు పుడుతున్నయి" అన్నాను. ఆయన వేరే దిక్కు పోతాడనుకున్నాను. పోలేదు. పక్షులు పుట్టేదాకా ఒంటికాలి మీద నిలబడి విన్నాడు.

ఇప్పుడు నీ ఆరు దినాల సంగతి. నాలుగో దినం కాడికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. సూర్యుణ్ణి చేసింది నాలుగో దినమట. వెలుగు మొదటి దినమే వచ్చింది. సూర్యుడు లేని మూడు దినాలు పొద్దు ఎక్కడ పొడిచింది, ఎక్కడ గుంకింది? పాస్టరు సుధాకర్‌ను పట్టుకుని అడిగాను. ఆయన దగ్గాడు. నేను ఆలోచించాను. చెప్పులు కుట్టుకునే నాకు కనపడిన ఈ సంగతి, రాసినాయనకు కనపడలేదా? కనపడే ఉంటుంది. కనపడినా అట్లనే రాశాడంటే ఆయనకు గడియారం మీద ధ్యాస లేదు. నువ్వు నా కాడికి వచ్చి, ఈ జోడు కుట్టడానికి ఎన్ని గంటలు పట్టింది అని అడుగుతున్నావు. ఆ పేజీ చెప్పేది ఎవరు కుట్టారు, ఎవరి కాలికి కుట్టారు అన్నది. గంటలు నీ పుస్తకం చెబితే చెప్పనీ. నాకు తెలియదు. పాస్టరుకు కూడా తెలియదని నాకు దగ్గుతోనే తెలిసింది.

కానీ ఎస్తేరూ, ఆ పేజీ ముందర కూర్చుంటే నా ఒళ్లు జల్లుమంది. అంతటా చీకటి, అంతటా నీళ్లు. ఏమీ లేదు. ఒక్క మాట. అంతే, వెలుగు వచ్చింది. నేను ఒక గుండీ అంత తోలు ముక్క కూడా ఏమీ లేనికాడి నుంచి తీయలేను. ఆయన సముద్రాలను తీసి పక్కన పెడుతున్నాడు, మనం కుర్చీ జరిపినట్టు. చేసిన ప్రతిసారి ఆగి చూస్తున్నాడు. బాగుంది అనుకుంటున్నాడు. ఆ చూపు నాకు తెలుసు బిడ్డా. జోడు అయిపోయినంక చేతులు చాపి దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తాను గదా, ఆ చూపు. అది నా ఒక్కని చూపు అనుకున్నాను ఇన్ని ఏండ్లు.

తర్వాత మనిషి. తన పోలికలో చేశాడట. ఆ రోజు ఇంక ఆరె పట్టలేదు నేను. తోలుకు తూట్లు పొడిచే ఆ సూదిని డబ్బాలో పెట్టేశాను. మనం ఎట్ల పుట్టినమో నాకు చిన్నప్పటి నుంచి చాలామంది చెప్పారు. ఎవడు చెప్పినా మాదిగోడు కిందనే పుట్టాడు. ఊరు పుట్టక ముందు, ఊరి చివర వాడ పుట్టక ముందు, మొదలు పుట్టిన మనిషి దేవుని పోలిక అని ఈ పేజీలో ఉంది. పోలిక అంటే ఏందో నాకు తెలుసు. నీకు మూడేండ్లప్పుడు పోయిన మీ అమ్మ ముఖం నీ ముఖంలో ఇప్పటికీ కనపడుతుంది, అది పోలిక. నువ్వు పక్కకు పెడతానన్న పేజీ ఇదే. చదువుకున్నదానివి, నువ్వు పెట్టగలవు. నాకు ఉన్నది ఇదొక్కటే, నేను పెట్టలేను.

నిస్సార్‌కు చదివి వినిపించాను. "మా కాడ గూడ ఆదం బాబా మట్టే, దుబ్బన్నా. ఎర్రది, నల్లది, తెల్లది, అన్ని తీర్ల మట్టి తెచ్చి పిసికిన్రంట" అన్నాడు.

"అయితే నువ్వు నేను ఒక్క మట్టే" అన్నాను.

"ఔ గని, నిన్ను పిసికేటప్పుడు నీళ్లు తక్కువైనయి. గందుకే గింత గట్టిగున్నవు."

అనమ్‌కు నువ్వేం చెబుతావో నీ ఇష్టం. తెలియకపోతే తెలియదను. టీచరమ్మ నోట తెలియదు అన్న మాట వింటే పిల్లలు చచ్చిపోరు.

గేటు సంగతి అడిగావు. బస్సుల చప్పుడు చాలా ఉంది.

దుబ్బయ్య

*

హన్మకొండ,
మార్చి 1.

తాతా,

ఈ ఉత్తరం అమ్మమ్మకు చదివి వినిపించకు. ముందు నువ్వు ఒక్కడివే చదువు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. పోలిక దగ్గర ఏడ్చాను. నువ్వు చాలా రాశావు, చివర "బస్సుల చప్పుడు చాలా ఉంది" అని ఒక్క ముక్క రాశావు. ఆ ముక్క నన్ను నిద్రపోనివ్వలేదు. నీకు వినపడిందో లేదో నాకు తెలియదు. వినపడకపోయినా సరే, చెప్పాలి.

ఆ రోజు నువ్వు గేటు బయట సంచి పట్టుకుని నిలబడ్డావు. నాతో మైత్రి టీచరు, ఇంకో ఇద్దరు ఉన్నారు. ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలే. చేరినప్పుడు మా ఇంట్లో ఏం చేస్తారని అడిగితే, మా తాతకు సిద్దిపేటలో షాపు ఉందని చెప్పాను. గొడుగు కింద నువ్వు కూర్చునే జాగాను షాపు అన్నాను. ఆ రోజు నీ చేతులకు నల్లరంగు ఉంది. పని మీది నుంచే బస్సెక్కినట్టున్నావు. మైత్రి, "ఎవరు ఆయన, నీ కోసం వచ్చాడా?" అంది. నేను "మా ఊరాయన. అప్పుడప్పుడు మా ఇంట్లో పనులు చేస్తాడు, ఏదో ఇచ్చి పంపారు" అన్నాను. నా నోరే. తర్వాత నీ దగ్గరికి వచ్చి సంచి తీసుకున్నాను. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టబోయి ఆగిపోయావు. బస్సు వచ్చిందని వెళ్లిపోయావు. అక్కడ ఏ బస్సూ లేదు తాతా. నేను చూశాను.

మొదటి పేజీ సంగతి అబద్ధం కాదు. అనమ్ అడిగిన మాట నిజం, నా అనుమానం నిజం. కానీ బాప్తిస్మం వద్దని రాసింది దాని వల్ల కాదు. మా సంఘంలో నీళ్లలోకి దిగేముందు నువ్వెవరివో చెప్పాలి కదా. నన్ను పెంచినవాణ్ణి గేటు ముందు కాదన్నదాన్ని, నేనెవరినని చెప్పను? పుస్తకం అడ్డం పెట్టుకుంటే గౌరవంగా ఉంటుందనిపించింది. చదువుకున్న పిల్లకు అనుమానం వచ్చింది అనుకుంటారు. సిగ్గుమాలిన పిల్ల అనుకోరు.

క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు.

ఎస్తేరు

*

సిద్దిపేట,
మార్చి 15, ఆదివారం.

ఎస్తేరూ,

వినపడింది.

చెవిటివాడికి మంచి మాటలు నాలుగుసార్లు చెప్పాలి. అటువంటివి ఒక్కసారికే వినపడతాయి. బస్సు లేకపోతే నడిచాను. హన్మకొండ చౌరస్తా దాకా నడిచి అక్కడ ఎక్కాను.

నువ్వు దాచింది చెప్పావు. ఇప్పుడు నేను దాచింది విను. డిసెంబరులో నీ బడి కాడి నుంచి వచ్చిన మరుసటి ఆదివారం పాస్టరు సుధాకర్ కాడికి పోయాను. ఈస్టరుకు బాప్తిస్మం తీసుకునేవాళ్ల పేర్లు రాసిన కాగితం ఆయన ముందర ఉంది. "దుబ్బయ్య ఇంట్ల ఎస్తేరు అనే పిల్ల లేదు. పేరు కొట్టెయ్యి" అన్నాను.

"కోపం మీద అనకు తాతా. నాలుగు రోజులు ఆగు" అన్నాడు.

"నా మనుమని ఈడోడివి, నాకు ఆగమని చెప్తవా? కొట్టమంటే కొట్టు."

నా ముందరే కొట్టేయించి వచ్చాను. అమ్మమ్మకు చెప్పలేదు. జనవరిలో నువ్వు బాప్తిస్మం వద్దని రాస్తే, పైకి కోపం వచ్చింది కానీ లోపల నెమ్మది అయింది. పేరు కొట్టేయించిన పాపం నా మీది నుంచి పోయి మొదటి పేజీ మీద పడింది గదా అనుకున్నాను. ఇంక ఆ పేజీ కోసం నీతో కొట్లాడుతుంటే నేనేదో దేవుని పక్షాన నిలబడ్డట్టు ఉంది. ఆయన పోలిక గురించి నీకు అంత గొప్పగా రాశాను, ఆయన పోలికలో పుట్టిన పిల్ల పేరు కొట్టేయించిన చేతితోనే రాశాను.

నీ ఉత్తరం వచ్చేటప్పటికి మూడో అధ్యాయంలో ఉన్నాను. దేవుడు మొదలు చేసిన ఆ ఇద్దరు మనుషులూ వద్దన్న పండు తిన్నారు. కండ్లు తెరుచుకుని సిగ్గు పుట్టింది. ఆకులు కుట్టి కట్టుకున్నారు. అది చదివి నాకు నవ్వు వచ్చింది. ఆకును ఆకుతో కుడితే మధ్యాహ్నానికి వాడుతుంది, పొద్దుగూకేసరికి చినుగుతుంది. వాళ్లది చేతకాని కుట్టు. నవ్వి, నీ ఉత్తరం మళ్లీ చూసుకున్నాను. నువ్వు ఒక ఆకు కట్టుకున్నావు. నేను ఒకటి కట్టుకున్నాను. ఇంక నవ్వలేదు.

చల్లపూట ఆయన తోటలో నడుస్తూ వచ్చాడట. వీళ్లు చెట్ల చాటున దాక్కున్నారు. ఎక్కడున్నావు అని పిలిచాడు. నేను పట్టుకోవడానికి పిలిచాడనే ఇన్నాళ్లు అనుకున్నాను. నువ్వు చిన్నప్పుడు బోనాల సందట్లో తప్పిపోతే నేను ఎట్ల పిలిచానో అది యాదికొచ్చింది. సముద్రాలను పక్కకు జరిపినాయన ఒక మనిషిని పేరు పెట్టి వెతుకుతున్నాడు. ఆయనకు కనపడకనా? మనిషి నోటి నుంచి ఇక్కడున్నాను అన్న మాట వినాలని. అడిగితే మొగవాడు తప్పు ఆడదాని మీద పెట్టాడు, ఆడది పాము మీద పెట్టింది. నువ్వు నీ పుస్తకం మీద పెట్టావు, నేను నీ మీద పెట్టాను. ఆ అధ్యాయం అసలు జరిగిందా అని నువ్వు అనుమానపడుతున్నావు. నాకైతే మొన్న డిసెంబరులో జరిగింది.

తర్వాత శిక్షలు. కష్టపడి చదివాను. ఇంక గెంటేస్తాడు అనుకుంటున్న కాడ ఒక చిన్న వచనం ఉంది. ఆ ఇద్దరికి దేవుడు తోలుతో అంగీలు చేసి తొడిగించాడు.

తోలుతో.

మళ్లీ చదివాను. వేలు తీసి కండ్లు తుడుచుకుని మళ్లీ చదివాను. ఇంతకాలం మీ అమ్మమ్మ ఈ కథ చెబుతుంటే అంగీలు అని విన్నాను, దేంతో చేశాడని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అరవై ఏండ్ల నుంచి తోలు పట్టిన నాకు ఎవరూ చెప్పలేదు. వెలుగును మాటతో చేసినాయన, ఆకాశాన్ని మాటతో చేసినాయన, ఇక్కడికి వచ్చి తోలు పనికి కూర్చున్నాడు.

నీకు తెలియదు, నీకు నేను చూపించలేదు, తోలు ఎట్ల తయారవుతుందో. నా చిన్నతనంలో మా నాయినతో చేశాను. ముందు ఒక జీవం పోవాలి. చర్మం ఒలవాలి. ఉప్పు పెట్టాలి. సున్నపు గుంటలో వేసి వెంట్రుక ఊడేదాకా ఉంచి, మాంసం గీకి, తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి రోజుల తరబడి తిప్పాలి. ఆ వాసన చేతికి పడితే పోదు. ఆ వాసనకే గదా ఊరు మమ్మల్ని దూరం పెట్టింది. బావి కాడ దూరం, గుడి కాడ దూరం, టీకొట్టు కాడ వేరే గ్లాసు. పొద్దంతా మంది కాళ్లకు తొడిగిన చేతిని మంది ముట్టలేదు. ఆ పని దేవుడు చేశాడు. అది కూడా బుద్ధిమంతులకు కాదు. తప్పు చేసి, దాక్కుని, ఒకరి మీద ఒకరు చెప్పిన ఇద్దరికి. కొలత పట్టే ఉంటాడు. కొలత లేకుండా అంగీ కుదరదు.

ఇంటికి పోయి మీ అమ్మమ్మతో, "ఐలవ్వా, ఆ పొద్దు దేవుని చేతులు వాసన వచ్చి ఉంటయి" అన్నాను.

"దేవుని గురించి గట్ల అంటరా? ముసలితనంల మతి పోయింది నీకు."

"యాభై ఏండ్లు నా చేతుల వాసన పడ్డవు గదనే."

చాలాసేపు నా చేతుల వైపు చూసింది. తర్వాత, "అయితే ఆ చేతులతోనే పిల్లను పిలువు" అంది. ఏదో జరిగిందని ఆమెకు ముందే తెలుసు. అప్పుడు అంతా చెప్పాను.

ఈ రోజు సంఘంలో ఆరాధన అయినంక లేచి నిలబడ్డాను. నా మనుమరాలి పేరు నా కోపంతో నేనే కొట్టేయించాను, తప్పు నాది, మళ్లీ రాయండి అని అందరి ముందు చెప్పాను. ముప్పై ఏండ్లు చదవకుండా చదివినట్టు నిలబడ్డ సంగతి కూడా చెప్పాను, నిలబడ్డాను గదా అని. చెప్పి కూర్చున్నాను.

పేరు మళ్లీ రాశారు. రావడం రాకపోవడం నీ ఇష్టం. ఆరు దినాలు ఒప్పుకుంటేనే రా అని నేను అనను. నిన్ను చేసినవాడు ఒకడున్నాడు, తెగితే కుట్టేది కూడా ఆయనే అన్నంత వరకు నమ్మకం ఉంటే రా.

నీ తాత
దుబ్బయ్య

*

హన్మకొండ,
మార్చి 25.

తాతా,

వస్తున్నాను.

నీ ఉత్తరం పట్టుకుని సోమవారం స్టాఫ్‌రూమ్‌కు పోయాను. డిసెంబరులో గేటు దగ్గర చూసినాయన మా తాత అని, పాత బస్టాండు దగ్గర చెప్పులు కుడతాడని, నన్ను పెంచింది ఆయనేనని చెప్పాను. మైత్రి, "అంటే ఆ గరిజలు మీ అమ్మమ్మ చేసిందా? ముందే చెప్తే మొహమాటం లేకుండ ఇంకో నాలుగు తినేదాన్ని గదా" అంది. తర్వాత నన్ను బయటికి తీసుకుపోయి బాగా తిట్టింది. ఒకామె మాత్రం ఆ రోజు నుంచి నా పక్కన టిఫిన్ డబ్బా విప్పడం లేదు. విప్పకపోనీ.

అనమ్‌కు కూడా చెప్పాను. భూమి వయసు పుస్తకంలో ఉన్నదే రాయి, నేనూ అదే రాస్తాను అన్నాను. మనిషిని ఎవరు కోరి చేశారు అన్నది ఆ పరీక్షలో అడగరు, అడిగితే నేను దేవుడు అని రాస్తాను, ఆ రెండూ ఎట్లా కలుస్తాయో మాత్రం నాకు ఇంకా తెలియదు అన్నాను. "మీకు తెలువదా టీచర్?" అని చాలా సంతోషపడింది. ఎవరూ చచ్చిపోలేదు.

పాస్టర్‌గారికి నా అనుమానాలన్నీ దాచకుండా రాశాను. తెలియదని చెప్పి నీళ్లలోకి దిగినవాళ్లు ఇంతకుముందు కూడా ఉన్నారమ్మా, రా, అని జవాబు రాశారు. మైత్రి కూడా నాతో వస్తానంటోంది.

ఎస్తేరు

*

సిద్దిపేట,
ఏప్రిల్ 14.

బిడ్డా ఎస్తేరూ,

నీ కార్డు అందింది. నువ్వు, మైత్రి టీచరు క్షేమంగా చేరినందుకు సంతోషం. ఆ పిల్ల చెప్పులు రెండూ మడమ కాడ అరిగాయి. మళ్లీ వస్తే అడుగు మారుస్తానని చెప్పు.

ఈస్టరు పొద్దున గురించి నువ్వు రాశావు. నీళ్లలో నుంచి నీకు కనపడింది నువ్వు రాశావు, గట్టు మీది నుంచి నాకు కనపడింది నేను రాస్తాను. మనం చిన్నకోడూరు అవతల కాలువ కాడికి చేరేసరికి ఇంకా తెల్లారలేదు. నాకు నీళ్లు కనపడలేదు, నీళ్లున్నాయని మాత్రం తెలుస్తుంది. చీకటి, నీళ్లు, వాటి మీద గాలి. నేను వేలు పెట్టి చదివిన మొదటి వరుస నా ముందర పరిచి ఉంది. నాకు భయమైంది బిడ్డా. పిడుగు పడితే అయ్యే భయం కాదు. మనకంటే చాలా పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నప్పుడు అవుతుందే, ఆ భయం. తర్వాత తూర్పున వెలుగు వచ్చింది. వారానికి మొదటి రోజు అది. ప్రభువు సమాధి నుంచి లేచింది కూడా ఆ రోజే గదా, మొదలుపెట్టినాయన మళ్లీ మొదలుపెట్టాడని నాకు అప్పుడు తోచింది.

నువ్వు దిగావు. నువ్వెవరివని పాస్టరు అడిగాడు. నువ్వు చెప్పింది నాకు వినపడలేదు కానీ, చెప్పులు కుట్టే దుబ్బయ్య మనుమరాలిని అన్నదని అమ్మమ్మ నా చెవిలో అరిచి చెప్పింది. ఆమె అరవడంతో నువ్వు చెప్పింది అవతలి గట్టు దాకా అందరికీ రెండోసారి వినపడింది.

నువ్వు మునిగి లేచి గట్టు ఎక్కినప్పుడు సంఘమంతా నా వైపే చూడడం మైత్రి టీచరుకు వింతగా ఉందని రాశావు. అది ఎందుకో నీకు కూడా నేను ఎన్నడూ చెప్పలేదు. పొడిబట్టల సంచి అమ్మమ్మ ఆటోలో మరిచింది, ఆటో మిగిలినవాళ్లను తేవడానికి పోయింది. గాలి వీస్తుంది. నువ్వు గజగజ వణుకుతున్నావు. చీర ఒంటికి అతుక్కుని, చేతులు ముడుచుకుని, ఎటు చూడాలో తెలియక నిలబడ్డావు. ఆడవాళ్లు కొంగులు వెతుక్కుంటున్నారు. నేను నా అంగీ విప్పి నీకు తొడిగాను. గుండీలు నేనే పెట్టాను, ఒకటి తప్పింది.

మా నాయిన దొర ఉండే గడి ముందర నుంచి పోవాలంటే చెప్పులు చేత పట్టుకుని, పైబట్ట తీసి చంకలో పెట్టుకునేవాడు. తను కుట్టిన చెప్పులే తను తొడుక్కుని పోయేటందుకు లేదు. పదేండ్లప్పుడు అది నేను చూశాను. నేను పెద్దయినంక ఎవని ముందరా ఒంటి మీద అంగీ లేకుండా నిలబడనని ఒట్టు పెట్టుకున్నాను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా విప్పలేదు. నా పెళ్లిలో నలుగు పెడతామంటే అంగీ మీదనే పెట్టమన్నాను. నీ కండ్లతో నువ్వు కూడా నా వీపు ఎన్నడూ చూసి ఉండవు.

ఆ పొద్దు రెండు వందల మంది ముందర ఉత్త బనీను మీద నిలబడ్డాను. ఆ బనీనుకు వీపున రెండు తూట్లు కూడా ఉన్నాయని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది. నాకు సిగ్గు కాలేదు. ఎండ వీపు మీద పడింది. వెచ్చగా ఉంది.

అంగీ ఉతికి ఇస్త్రీ చేసి పార్సిల్ పంపుతానని రాశావు. పంపకు. నీ కాడనే ఉండనీ.

నాకు ఇంకొకటి ఉంది.

తాత